మిథున్ గేదె కాదురా: పిల్లలకు తాతయ్య ఉత్తరం

చిరంజీవులు బుజ్జికి, చిన్నుకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో నా పాత ఫొటో చూసి చిన్నుగాడు "తాతయ్యా, ఈ గేదెకి సాక్సులేంటి?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా సిగ్నల్ పోయింది, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. అది గేదె కాదురా, మిథున్. నేను అరుణాచల్ ప్రదేశ్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో తీసిన ఫొటో అది.

మన పాపికొండల అడవుల్లో అడవిదున్న తిరుగుతుంది కదా, దానికి ఇది దగ్గరి చుట్టం. నల్లటి ఒళ్ళు, మోకాళ్ళ కింద తెలుపు, వెడల్పాటి నుదురు, రెండు పక్కలకీ చాచినట్టు లావాటి కొమ్ములు. చూడగానే భయం వేస్తుంది గానీ, ఉత్త సాధుజంతువు.

అడవిలోనే పుడుతుంది, అడవిలోనే మేస్తుంది, రాత్రి అక్కడే పడుకుంటుంది. కొట్టం లేదు, పలుపు లేదు, కుడితి పెట్టేవాళ్ళు లేరు. అయినా ప్రతి మిథున్‌కీ యజమాని ఉంటాడు, చెవికి కోసిన గాటు చూసి ఇది ఫలానా ఇంటివాళ్ళదని ఊరివాళ్ళు చెప్పేస్తారు. మనం పొలాలకు కంచె వేయకుండా పశువుల్ని కట్టేస్తాం, వాళ్ళు పశువుని వదిలేసి పోడు చేలకు కంచె వేసుకుంటారు.

మరి అది అడవిలోనే ఉండిపోకుండా మనిషి దగ్గరికి ఎందుకొస్తుంది? ఉప్పు కోసం. సముద్రానికి అంత దూరాన, ఏడాదిలో సగం వానలు కడిగేసే ఆ కొండల్లో ఆకూ గడ్డీ మేస్తే ఒంటికి కావలసిన ఉప్పు అందదు. ఒకరోజు పొద్దున్నే ఒక ఆది తెగ పెద్దాయన వెంట అడవి అంచుకి వెళ్ళాను. ఆయన గొంతెత్తి పొడుగ్గా ఒక కూత వేశాడు, కాసేపు ఏమీ లేదు, మళ్ళీ వేశాడు, అప్పుడు పైన ఎక్కడో వెదురు పొద కదిలింది, అంత పెద్ద జంతువు చప్పుడు లేకుండా దిగి వచ్చి ఆయన ముందు నిలబడింది. నా అరచేతిలోనూ కాస్త ఉప్పు పోశాడు. గరుకు నాలుక, వెచ్చటి ఊపిరి. ఉప్పు అయిపోయాక కూడా నా వేళ్ళ సందులు నాకుతూనే ఉంది. ఇన్నేళ్ళయినా ఆ గరుకు నా చేతికి గుర్తే.

బుజ్జీ, పాలు ఎన్నిస్తుందని అడుగుతావు నువ్వు. అక్కడ దాన్ని పాలకోసం పెంచరు, నాగలికీ కట్టరు. కానీ ఆది, నిషీ, గాలో, అపతానీ లాంటి తెగల్లో ఇంటికి గౌరవం దానితోనే. పెళ్ళిలో అబ్బాయివాళ్ళు అమ్మాయివాళ్ళకి ఇచ్చే ఓలిలో మిథున్ ఉండాలి. తగాదా తీరితే జరిమానా మిథున్. న్యోకుమ్, సోలుంగ్ లాంటి పండగల్లో బలి ఇచ్చి మాంసం పంచుకుంటారు. ఇది చదివి మీకు బాధ అనిపిస్తుందని తెలుసు, నాకూ మొదటిసారి చూసినప్పుడు అన్నం సయించలేదు. మన జాతరల్లో పోతుని బలివ్వడం చూసినవాడినే అయినా, చేతిలో ఉప్పు తిన్నదాన్ని అలా చూడటం వేరు. కానీ ఆ మాంసం బంధువులందరికీ, ఊరందరికీ వెళ్తుంది, ఒక్కడు దాచుకునేది కాదు. నాగాల్లో కూడా ఊరంతటికీ మిథున్ విందు పెట్టినవాడికే ఇంటి ముందు దాని కొమ్ముల బొమ్మ చెక్కించుకునే హక్కు ఉండేది.

మన ఆదిలాబాద్ మార్లవాయిలో గోండుల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గారు 1944లో అపతానీల జీరో లోయకు వెళ్ళారు. అక్కడ ఇద్దరు ధనవంతులకు పంతం వస్తే ఒకడు అవతలివాడి ఇంటి ముందు తన మిథున్‌ని కోసేవాడు, అవతలివాడు అంతకు తగ్గకుండా కోయాలి, ఎవరో ఒకరు దిగివచ్చేదాకా సాగేది. పరువు కోసం ఆస్తినే కరిగించుకోవడం అన్నమాట.

2019 పశుగణనలో దేశం మొత్తం మీద సుమారు 3.9 లక్షల మిథున్‌లు లెక్కకొచ్చాయి, అందులో 3.5 లక్షలు అరుణాచల్‌లోనే. నాగాలాండ్‌లో మాత్రం తగ్గాయి, అదే నాకు దిగులు. అక్కడ మెడ్జిఫెమాలో 1988 నుంచి మిథున్ పరిశోధన కేంద్రం ఉంది. గాలికుంటు వస్తే అడవిలో తిరిగే పశువుని వెతికి సూది వేయించడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆ కూత తెలిసిన కుర్రాళ్ళు చదువులకీ ఉద్యోగాలకీ ఊరు వదిలి వెళ్తున్నారు. ముసలివాళ్ళు ఎంత దూరమని కొండ ఎక్కుతారు?

వచ్చే చలికాలం సెలవుల్లో మిమ్మల్ని అరుణాచల్‌లోని పాసీఘాట్ తీసుకెళ్దామని మీ నాన్నతో మాట్లాడుతున్నాను. ఉప్పు పెట్టేటప్పుడు వేళ్ళు ముడుచుకోకూడదు, అరచెయ్యి పూర్తిగా చాపి పట్టుకోవాలి. ఈలోగా పక్కింటివాళ్ళ ఆవు దగ్గర నేర్చుకోండి.

ఇట్లు,
మీ తాతయ్య