టెలీ జూమ్‌లో ఫొటో మసకబారితే తప్పు లెన్సుదేనా? అపోహలు - వాస్తవాలు

అపోహ: దూరపు వస్తువును దగ్గరగా చూపే టెలీ జూమ్ లెన్సును 600 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌కు (ఈ సంఖ్య పెరిగేకొద్దీ వస్తువు పెద్దగా కనిపిస్తుంది) తిప్పినప్పుడు ఫొటో మెత్తగా వస్తోందంటే లెన్సు బాగోలేనట్టే.

వాస్తవం: చాలాసార్లు తప్పు గాలిది. ఎండకు కాగిన నేల మీంచి లేచే వేడిగాలి వెలుతురును వంకర తిప్పుతుంది. పిట్ట ఎంత దూరంలో ఉంటే మధ్యలో అంత గాలి. ఎంత ఖరీదైన లెన్సయినా ఇక్కడ చేసేదేమీ లేదు, ఎడిటింగ్‌లో షార్ప్‌నెస్ పెంచినా పోదు.

తేల్చుకోవడం సులువే. కెమెరాను ట్రైపాడ్‌కు బిగించి, స్టెబిలైజర్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఆపి, ఫోకస్‌ను మాన్యువల్‌లో కదలకుండా ఉంచి, 1/1000 సెకను షట్టర్ స్పీడ్‌తో ఒకే కదలని వస్తువును 20 షాట్లు తీయండి. ఒక ఫ్రేములో అంచులు స్పష్టంగా, పక్క ఫ్రేములో అలలు అలలుగా ఉంటే అది గాలి పనే. అన్నీ ఒకేలా మెత్తగా ఉంటే, చల్లని ఉదయం 10-15 మీటర్ల దూరంలో అచ్చు కాగితం పెట్టి మళ్లీ తీయండి. అప్పుడూ అలాగే వస్తే ఫోకస్‌నో లెన్సునో అనుమానించాలి. ఈ పరీక్ష చేయకుండా మాత్రం లెన్సు అమ్మేయకండి.

వేడిగాలికి మందు మూడే: పొద్దున్నే వెళ్లడం, దగ్గరకు చేరడం, నేలకు కాస్త ఎత్తులోంచి తీయడం. కారు కిటికీలోంచి తీసేవాళ్లు ఏసీ ఆపి, లోపలి గాలి బయటి గాలితో సమానమయ్యేదాకా ఆగాలి. ఇంజిన్ బానెట్ మీదుగా అసలు తీయొద్దు.

అపోహ: స్టెబిలైజర్ ఉంటే షట్టర్ స్పీడ్ తగ్గించినా పర్వాలేదు.

అది ఆపేది మీ చేతి వణుకును, ఆటగాడి కాలును కాదు. కొమ్మ మీద కదలకుండా కూర్చున్న పక్షికి 1/250 చాలు. పరుగుకు కనీసం 1/1000, ఎగిరే చిన్న పక్షులకు 1/2500 పైనే కావాలి. అందుకు ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచాల్సి వస్తే పెంచండి. దానివల్ల వచ్చే గ్రెయిన్‌ను (చుక్కచుక్కల గరుకును) తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన కన్నును తిరిగి తేలేం.

అపోహ: ఎఫ్/2.8 లెన్సు (ఎఫ్ సంఖ్య ఎంత చిన్నదైతే లెన్సు రంధ్రం అంత వెడల్పు) లేకపోతే వెనక బ్యాక్‌గ్రౌండ్ కరగదు.

ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ సంఖ్యతో భాగించి చూడండి, వచ్చేది వెలుతురు దూరే రంధ్రం వెడల్పు. 200 మి.మీ. ఎఫ్/2.8కి 71 మి.మీ., 400 మి.మీ. ఎఫ్/5.6కీ అదే 71. ఒకే చోటు నుంచి తీస్తే, ఆటగాడితో పోల్చినప్పుడు వెనక మసక రెండింట్లోనూ దాదాపు సమానం. వెలుతురు విషయంలో మాత్రం ఎఫ్/2.8కి సాటి లేదు. తేడా రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు): ఎఫ్/2.8కి ఐఎస్ఓ 3200 సరిపోతే ఎఫ్/5.6కి 12,800 కావాలి. ఇండోర్ ఆటలు తీసేవాళ్లు ఎఫ్/2.8 లెన్సు బరువు మోయక తప్పదు.

అపోహ: 2ఎక్స్ కన్వర్టర్ (లెన్సుకూ కెమెరాకూ మధ్య తగిలించి ఫోకల్ లెంగ్త్ పెంచే అదనపు గాజు) పెడితే 600 కాస్తా 1200 అవుతుంది, ఇంకేం కావాలి?

అవుతుంది. ఎఫ్/6.3 కూడా ఎఫ్/12.6 అవుతుంది. చాలా కెమెరాల్లో ఆటోఫోకస్ తడబడుతుంది, కొన్నింట్లో పనే చేయదు. 1.4ఎక్స్‌తో ఒక స్టాపే పోతుంది. కొనేముందు మీ లెన్సుకు ఏ కన్వర్టర్లు సరిపోతాయో తయారీదారు జాబితాలో చూసుకోండి. సరిపడనిది బలవంతంగా తగిలిస్తే ముందుకు పొడుచుకొచ్చిన దాని గాజు లెన్సు వెనక గాజును తాకి గీయొచ్చు.

ఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటోందని మోటార్‌ను తిట్టేముందు లెన్సు పక్కనున్న లిమిటర్ స్విచ్ (ఫోకస్ వెతికే దూరాలకు హద్దు పెట్టేది) చూడండి. దూరపు పక్షులకు దాన్ని ‘ఫుల్’ మీంచి దూరపు రేంజ్‌కు మారిస్తే, దగ్గరి దూరాలన్నీ వెతికే పని తప్పుతుంది. దగ్గర్లోని సీతాకోకచిలుకకు ఫోకస్ కుదరకపోతే మళ్లీ ‘ఫుల్’కి తిప్పండి.