ఒక్క ఊపిరి చాలు మాస్టారూ: టీచర్ల మైండ్‌ఫుల్‌నెస్‌పై అపోహలు - వాస్తవాలు

మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఈ క్షణంలో జరిగేదాన్ని ఊరికే గమనించడం, నేర్పడానికి విజయవాడలో ఏ బడికి వెళ్లినా మొదటి పావుగంటలోనే ఈ ప్రశ్న వస్తుంది: "మేడమ్, దిద్దాల్సిన నోట్‌బుక్కులు అంత ఎత్తున ఉంటే కళ్లు మూసుకుని కూర్చోమంటారా?" అడిగినవాళ్ల చేతిలో అప్పటికే ఎర్ర పెన్ను ఉంటుంది.

అపోహ: ఆలోచనలు ఆపేయాలి.
వాస్తవం: అవి ఆగవు. మనసు ఎటో పోయిందని గమనించి మళ్లీ ఊపిరి దగ్గరికి రావాలి. పదిసార్లు పోతే పదిసార్లూ వెనక్కి రావడమే సాధన.

అపోహ: తీరిక ఉన్నవాళ్లకే కుదురుతుంది.
వాస్తవం: 1979లో జాన్ కబాట్-జిన్ అనే ఆయన అమెరికాలో మొదలుపెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు 8 వారాలది. ఇంటి దగ్గర రోజూ ముప్పావు గంట సాధన కూడా ఉంటుంది. కుదిరితే చేయండి, మంచిదే. కానీ క్లాసులో పనికొచ్చేది చాలా చిన్నది.

సింగ్‌నగర్‌లో లెక్కలు చెప్పే ఒక మాస్టారి సంగతి చెబుతాను. సెప్టెంబర్ ఉక్కపోత, ఆరో పీరియడ్, కరెంటు పోయింది. ఆయన బోర్డు వైపు తిరగ్గానే వెనక బెంచీలో దరువు మొదలైంది. మామూలుగా అయితే గొంతు పోయేలా అరిచేవారు. ఆ రోజు వేళ్ల మధ్య చాక్‌పీస్ గరుకును, నేల మీద ఆనిన పాదాలను గమనించారు. ఊపిరిని మెల్లగా బయటికి వదిలారు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం నిదానంగా ఉండాలి. తర్వాత వెనక్కి తిరిగి మామూలు గొంతుతోనే "ఎవర్రా ఆ డప్పు?" అన్నారు. పిల్లలు నవ్వారు, దరువు ఆగింది. మర్నాడు మళ్లీ మోగిందనుకోండి, అది వేరే సంగతి.

అపోహ: ఇది మతం.
వాస్తవం: మూలం బుద్ధుడు చెప్పిన 'సతి', పాళీ భాషలో ఎరుక అని అర్థం. అమరావతి బౌద్ధ స్తూపానికి దగ్గర్లో ఉన్న మనకు అదేమీ పరాయిది కాదు. మేం నేర్పేది మాత్రం గమనించడం వరకే. మంత్రాలు, దండాలు ఉండవు.

అపోహ: ట్రైనింగ్ ఇప్పిస్తే టీచర్ల టెన్షన్ తీరిపోతుంది. (ఇది యాజమాన్యాలది.)
వాస్తవం: ఒక బడివాళ్లు ఈ శిక్షణను ఆదివారం పొద్దున్నే పెట్టించి, రాకపోతే జీతం కోస్తామన్నారు. ఒత్తిడి తగ్గించే క్లాసుకు టెన్షన్‌తో పరుగెత్తుకొచ్చిన ఆ ముఖాలు నాకింకా గుర్తే. వరుస పీరియడ్లు, అడ్మిషన్ల టార్గెట్లు, రాత్రి పదింటికి వాట్సాప్ మెసేజ్‌లు, వీటిని ఏ ఊపిరీ సరిచేయదు. బ్రిటన్‌లో 85 బడులతో మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణపై చేసిన మిరియడ్ అనే అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. మొదట్లో శిక్షణ పొందిన టీచర్ల అలసట కొంత తగ్గింది, ఏడాది తిరిగేసరికి ఆ తేడా నిలవలేదు. ఈ మాట చెబితే నాకు పిలుపులు తగ్గుతాయి, అయినా చెబుతాను.

అపోహ: దీనివల్ల ఎవరికీ ఇబ్బంది ఉండదు.
వాస్తవం: కళ్లు మూసుకుంటే కొందరికి కంగారు పెరుగుతుంది. అలాంటివాళ్లు కళ్లు తెరిచే చేయాలి, లేదంటే మానేయాలి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బడి పేరెత్తితేనే ఏడుపొస్తున్నా నా క్లాసు సరిపోదు, డాక్టరుకు చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.