అతిచెమట: అపోహలు, వాస్తవాలు

అతిచెమటతో బాధపడుతూ చర్మవైద్యుల దగ్గరకు వచ్చేవారిలో చాలామంది మొదట ఆ మాటే ఎత్తరు. కాలివేళ్ల మధ్య పాసిపోతోందనో, అరికాళ్ల తోలు గుంటలు గుంటలుగా లేస్తోందనో, బూట్లు విప్పితే వాసన వస్తోందనో చెబుతారు. మాట్లాడుతున్నంతసేపూ చేతిరుమాలు పిడికిట్లో నలుగుతూ ఉంటుంది. చేతులు చూపమంటే ముందు బట్టలకు తుడుచుకుని తరువాత చాపుతారు. మనం చూస్తుండగానే అరచేతి గీతల వెంట చెమట చుక్కలు మళ్లీ పేరుకుంటాయి. ఎన్నాళ్లుగా ఉందని అడిగితే చిన్నప్పటి నుంచీ ఉందంటారు. అన్నేళ్లపాటు వారు వైద్యానికి రాకపోవడానికి ప్రధాన కారణం ఈ కింది అపోహలేనని నా అభిప్రాయం.

అపోహ: పిరికితనం, ఆందోళన ఉన్నవారికే అరచేతులు తడుస్తాయి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే కాబట్టి దీని గురించి కొంత వివరంగా చెప్పాలి. మన చర్మంలో సుమారు 20 లక్షల నుంచి 40 లక్షల వరకు స్వేదగ్రంథులు ఉంటాయి. అరచేతులు, అరికాళ్లలో అవి మరీ దట్టంగా ఉంటాయి. మెదడులో శరీర ఉష్ణోగ్రతను నియంత్రించే హైపోథాలమస్ నుంచి, మన ప్రమేయం లేకుండానే పనిచేసే సింపథెటిక్ నాడుల ద్వారా సంకేతం అందినప్పుడు, నాడి చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై, ఆ గ్రంథులు చెమటను స్రవిస్తాయి. ప్రాథమిక అతిచెమట, అంటే మరో వ్యాధి గాని, మందు గాని కారణం కాకుండా వచ్చే అతిచెమట ఉన్నవారిలో గ్రంథుల సంఖ్య గాని, నిర్మాణం గాని మామూలుగానే ఉంటుంది. అవసరానికి మించి వస్తున్నది నాడీ సంకేతమే. వీరు చల్లని గదిలో, ఏ ఆలోచనా లేకుండా కూర్చున్నప్పుడు కూడా చెమట పట్టవచ్చు, నిద్రలోకి జారుకోగానే అది ఆగిపోతుంది.

ఉద్వేగానికి చెమట పెరుగుతుందన్న మాట నిజమే, కాని అది అందరిలోనూ జరిగేదే. అతిచెమట ఉన్నవారి విషయంలో వరుస తరచుగా తిరగబడుతుంది: ముందు చెమట వస్తుంది, ఎవరైనా చూస్తారేమోనన్న భయం ఆ తరువాత పుడుతుంది, ఆ భయం చెమటను ఇంకా పెంచుతుంది. ధైర్యంగా ఉండమని పదేపదే చెప్పడం వల్ల గ్రంథులు స్రవించడం మానవు. పైగా తప్పంతా తనదేనన్న భావన ఆ మనిషిలో స్థిరపడుతుంది.

అపోహ: చెమటే కదా, తుడుచుకుంటే సరిపోతుంది.

పరీక్ష రాసే విద్యార్థి చేతి కింద గుడ్డ పరుచుకుని రాస్తాడు. ఆ గుడ్డ ఏమాత్రం పక్కకు జరిగినా జవాబుపత్రం తడిసి సిరా అలుక్కుపోతుంది. ఫోను తెర వేలిని గుర్తించదు, వేలిముద్ర యంత్రం మళ్లీ మళ్లీ తిరస్కరిస్తుంది. పనిముట్టు పట్టు జారుతుంది, చెప్పులో పాదం జారుతుంది. చంకల్లో చెమట పట్టేవారు తమకు నచ్చిన రంగును బట్టి కాక, మరక కనిపించని రంగును బట్టి బట్టలు కొంటారు. కరచాలనం తప్పించుకోవడానికి రెండు చేతుల్లోనూ ఏదో ఒక వస్తువు పట్టుకుని గదిలోకి ప్రవేశించేవారు ఉన్నారు. కొందరు చదువును, ఉద్యోగాన్ని కూడా దీన్ని బట్టే ఎంచుకుంటారు. అందుకే ఈ వ్యాధి తీవ్రతను అంచనా వేయడానికి చెమటను గ్రాముల్లో కొలవడం కంటే, అది రోజువారీ పనులకు ఎంత అడ్డు వస్తోందని అడిగి, సమాధానాన్ని 1 నుంచి 4 వరకు ఉన్న కొలమానంలో గుర్తించడమే మాకు ఎక్కువగా ఉపయోగపడుతుంది. 3 లేదా 4 అని చెప్పినవారికి దీన్ని తీవ్రమైన వ్యాధిగానే పరిగణించి చికిత్స చేయాలి.

అపోహ: వయసుతో పాటు అదే పోతుంది.

అరచేతులు, అరికాళ్లలో ఇది ఎక్కువగా బాల్యంలోనే మొదలవుతుంది. చంకల్లో యౌవనారంభంలో మొదలవుతుంది. తగ్గడానికి దశాబ్దాలు పట్టవచ్చు. స్పష్టమైన కారణమేదీ లేకుండా అతిచెమట 6 నెలలకు పైగా ఉండి, రెండు వైపులా సమానంగా పట్టడం, 25 ఏళ్లలోపే మొదలుకావడం, వారానికి ఒక్కసారైనా రావడం, నిద్రలో ఆగిపోవడం, కుటుంబంలో మరొకరికి ఉండటం, రోజువారీ పనులకు ఆటంకం కలగడం అనే లక్షణాల్లో కనీసం రెండు కనిపిస్తే ప్రాథమిక అతిచెమటగా నిర్ధారిస్తాము. చాలామందికి దీనికోసం పరీక్షలేవీ అవసరం ఉండదు.

అపోహ: అతిచెమట ఎప్పుడూ ప్రమాదం లేనిదే.

పై వర్ణనకు సరిపోనప్పుడు మాత్రం తాత్సారం చేయకూడదు. నడివయసులో కొత్తగా మొదలైనా, ఒళ్లంతా పట్టినా, ఒకే పక్కకు పరిమితమైనా, రాత్రి నిద్రలో పక్కబట్టలు తడిసిపోతున్నా కారణం వెతకాలి. థైరాయిడ్ అతిగా పనిచేయడం, క్షయ, లింఫోమా అనే ఒక రకం క్యాన్సర్, మధుమేహం మందులు వాడేవారిలో రక్తంలో చక్కెర పడిపోవడం, ముట్లుడిగే దశ, మానసిక కుంగుబాటుకు ఇచ్చే కొన్ని మందులు వంటివెన్నో దీని వెనుక ఉండవచ్చు. జ్వరం, బరువు తగ్గడం తోడైతే మరింత తొందరపడాలి. ఛాతీ నొప్పితో హఠాత్తుగా చల్లని చెమటలు పడితే చర్మవైద్యుడి దగ్గరకు కాదు, అత్యవసర విభాగానికి వెళ్లాలి.

అపోహ: చెమట వాసన అపరిశుభ్రతకు గుర్తు.

అప్పుడే వచ్చిన చెమటకు దాదాపు వాసన ఉండదు. చంకల్లో ఉండే మరో రకం గ్రంథుల స్రావాన్ని చర్మం మీది బ్యాక్టీరియా విడగొట్టినప్పుడే వాసన పుడుతుంది. రోజుకు రెండుసార్లు స్నానం చేసినా అతిచెమట తగ్గదు.

అపోహ: నీళ్లు తక్కువ తాగితే చెమట తగ్గుతుంది, చెమటను ఆపితే విషాలు లోపలే ఉండిపోతాయి.

రెండూ తప్పే. చెమటలో దాదాపు 99 శాతం నీరే, మిగిలినదానిలో ముఖ్యమైనది ఉప్పు. వ్యర్థాలను వదిలించే పని ప్రధానంగా మూత్రపిండాలది, కాలేయానిది. నీళ్లు తగ్గించినవారికి మిగిలేది నిర్జలీకరణమే.

అపోహ: అన్ని స్ప్రేలూ వాడి చూశాను, నాకు ఏదీ పనిచేయదు.

ఇలా అనేవారు వాడినవి చాలాసార్లు డియోడరెంట్లే అయి ఉంటాయి. అవి వాసనను కప్పుతాయి, చెమటను ఆపవు. చెమటను తగ్గించేవి యాంటీపర్‌స్పిరెంట్లు. వాటిలోని అల్యూమినియం లవణాలు స్వేదనాళాల పైభాగంలో బిరడాల్లా అడ్డుపడతాయి. వైద్యులు చంకలకు సాధారణంగా సూచించేది 20 శాతం వరకు ఉన్న అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం. దీన్ని ఉదయం స్నానం కాగానే పూసుకుని బయలుదేరడం దాదాపు అందరూ చేసే పొరపాటు. రాత్రి పడుకోబోయే ముందు, చర్మాన్ని పూర్తిగా పొడిగా తుడిచి ఆరనిచ్చి పూసుకోవాలి. గ్రంథులు నిద్రలో విశ్రాంతిగా ఉంటాయి కాబట్టి మందు నాళంలోకి దిగుతుంది. ఉదయం కడిగేయాలి. తడి చర్మం మీద పూస్తే ఆ లవణం నీటితో కలిసి హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా మారి మంట పుట్టిస్తుంది. వెంట్రుకలు తీసిన రోజు పూయకూడదు. మొదట ప్రతి రాత్రీ వాడి, అదుపులోకి వచ్చాక వారానికి ఒకటి రెండుసార్లకు తగ్గించవచ్చు. ఇవి రొమ్ము క్యాన్సర్ తెస్తాయన్న ప్రచారాన్ని ఇప్పటివరకు జరిగిన పరిశోధనలేవీ నిర్ధారించలేదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుడిని అడిగి వాడాలి.

అరచేతుల దళసరి చర్మం మీద ఈ ద్రావణం అంతగా పనిచేయదు. అక్కడ అయాంటోఫోరెసిస్ ఉపయోగపడుతుంది: మామూలు కుళాయి నీళ్లున్న పళ్లేల్లో చేతులు పెట్టి, 20 నుంచి 30 నిమిషాలపాటు స్వల్ప విద్యుత్తును పంపుతారు. మొదట వారానికి మూడుసార్లు, తరువాత వారానికి ఒకసారి చేసుకోవాలి. మానేస్తే చెమట తిరిగి వస్తుంది. పేస్‌మేకర్ ఉన్నవారికి, గర్భిణులకు ఇది పనికిరాదు.

అపోహ: బోటాక్స్ ముడతలకు మాత్రమే.

తీవ్రమైన చంక చెమటకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లోనే ఈ ఇంజెక్షన్‌ను ఆమోదించింది. ఇది నాడి చివర ఎసిటైల్‌కోలిన్ విడుదలను అడ్డుకుంటుంది. ఫలితం సుమారు 6 నెలలు, కొందరిలో అంతకంటే ఎక్కువ కాలం ఉంటుంది. అరచేతుల్లో ఇంజెక్షన్లు బాగా నొప్పి పెడతాయి, కొన్నాళ్లు పట్టు బలహీనపడవచ్చు. ఆక్సీబ్యుటినిన్, గ్లైకోపైరోలేట్ మాత్రలు కూడా ఉన్నాయి గాని, వాటితో నోరు ఎండటం, మలబద్ధకం, చూపు మసకబారడం సాధారణం. ఇవి ఒళ్లంతటా చెమటను తగ్గిస్తాయి కాబట్టి ఎండలో శ్రమించేవారికి వడదెబ్బ ముప్పు ఉంటుంది. కొన్ని రకాల గ్లాకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే వ్యాధి) ఉన్నవారికి, మూత్రం ఆగిపోయే ఇబ్బంది ఉన్నవారికి ఇవ్వకూడదు.

అపోహ: ఆపరేషన్ చేయించుకుంటే శాశ్వతంగా పీడ వదులుతుంది.

ఛాతీలోని సింపథెటిక్ నాడిని ఎండోస్కోపీ ద్వారా కత్తిరించే ఈ శస్త్రచికిత్సతో అరచేతులు సాధారణంగా వెంటనే పొడిబారతాయి. ఆ మాట దాచవలసిన పని లేదు. అయితే తరువాత వీపు, పొట్ట, తొడల మీద కొత్తగా చెమట పట్టడం ఇందులో తరచుగా ఎదురయ్యే దుష్ఫలితం. కొందరికి అది స్వల్పంగా ఉంటుంది, కొందరికి చొక్కా మార్చుకోవలసినంతగా ఉండి, చేసిన ఆపరేషన్ గురించే పశ్చాత్తాపం కలిగిస్తుంది. కత్తిరించిన నాడిని మళ్లీ మునుపటిలా చేయగలమని హామీ ఇవ్వలేము. మిగతా చికిత్సలన్నీ పద్ధతి ప్రకారం వాడి విఫలమైనవారికి, ఈ విషయం ముందే విడమరచి చెప్పి, ఆలోచించుకోవడానికి తగినంత వ్యవధి ఇచ్చిన తరువాతే నేను శస్త్రచికిత్స నిపుణుడి దగ్గరకు పంపుతాను.