మాయ ఒకటా, రెండా?

"మాకు కవల ఆడపిల్లలు. ఇద్దరూ అచ్చుగుద్దినట్టు ఉంటారు. కానీ కాన్పు చేసిన డాక్టరుగారు మాయలు రెండున్నాయి కాబట్టి వీళ్లు ఒకే అండం కవలలు కారన్నారు. పిల్లల్ని చూస్తే నమ్మబుద్ధి కావడం లేదు" అని ఒక పాఠకురాలు రాశారు.

నమ్మనక్కర్లేదమ్మా. మాయ అంటే గర్భంలో తల్లి నుంచి బిడ్డకు ఆహారం, ప్రాణవాయువు అందించే అవయవం, ఇంగ్లీషులో ప్లసెంటా. మాయలు రెండున్నంత మాత్రాన అండాలు కూడా రెండని తేల్చలేం. ఒకే అండం నుంచి వచ్చిన కవలల్లో నాలుగోవంతు నుంచి మూడోవంతు జంటలకు విడివిడి మాయలే ఉంటాయి. చెంప లోపలి నుంచి దూదిపుల్లతో కాసిని కణాలు తీసి డీఎన్ఏ పరీక్ష చేయిస్తే అనుమానం తీరిపోతుంది.

రెండు అండాలు ఎందుకు విడుదలవుతాయి, అది అమ్మమ్మ వైపు నుంచి వస్తుందా, తల్లి వయసు పెరిగితే అవకాశం పెరుగుతుందా అన్నవి అందరూ రాసేవే, వాటిని వదిలేస్తాను. నాకు మోజు మాయ మీద.

బడి పుస్తకాల్లో కవలల బొమ్మ గుర్తుందా? ఒక గుండ్రం, మధ్యలో చీలిక, కింద ఇద్దరు పిల్లలు. పాఠం అయిపోయింది. ఎప్పుడు చీలిందో మాత్రం ఎవరూ చెప్పరు. ఫలదీకరణ జరిగాక తొలి మూడు రోజుల్లో చీలితే మాయలూ రెండే, ఉమ్మనీటి సంచులూ రెండే. నాలుగో రోజు నుంచి ఎనిమిదో రోజు లోపు అయితే, మాయగా మారబోయే కణాలు అప్పటికే వేరుపడి ఉంటాయి కనుక మాయ ఒకటే, సంచులు రెండు. ఇంకా ఆలస్యమైతే సంచి కూడా ఒకటే అవుతుంది, అందులో రెండు బొడ్డుతాళ్లు మెలిపడే ప్రమాదం ఉంటుంది. పదమూడో రోజు దాటితే శరీరాలే అతుక్కుని పుడతాయి. ఈ రోజుల లెక్క ఎవరో కళ్లారా చూసి రాసింది కాదు, పొరల్ని చూసి వెనక్కి లెక్కగట్టింది. దీన్ని ప్రశ్నించే శాస్త్రవేత్తలూ ఉన్నారు.

ఇప్పుడు ఇద్దరికీ ఒకటే మాయ ఉన్న జంటను తీసుకుందాం. మాయ చిన్న చిన్న తమ్మెలుగా ఉంటుంది. బిడ్డ నుంచి వాడేసిన రక్తాన్ని ధమని తెస్తుంది, తాజా అయిన రక్తాన్ని సిర తిరిగి తీసుకెళ్తుంది. మామూలుగా ఒక తమ్మెకి వచ్చే ధమనీ, వెళ్లే సిరా ఒకే బిడ్డవి. ఉమ్మడి మాయలో సరిహద్దు దగ్గర ఈ క్రమం తప్పుతుంది. ధమని ఒక బిడ్డది, సిర ఇంకో బిడ్డది. అంటే ఒకరి రక్తం ఇంకొకరికి వెళ్తుంది, అదే దారిన వెనక్కి రాదు. ఉమ్మడి మాయలు దాదాపు అన్నిటిలోనూ ఇలాంటి లంకెలు ఉంటాయి.

పక్కపక్కనే రెండు నీళ్ల ట్యాంకులు ఉన్నాయనుకోండి. కింద వాటిని కలిపే గొట్టాల్లో నీళ్లు ఒకవైపే పోతాయి. కొన్ని ఇటు నుంచి అటు, కొన్ని అటు నుంచి ఇటు. పైన ఇంకో గొట్టం ఉంది, అది రెండువైపులా తెరిచే ఉంటుంది, ఒత్తిడి ఎటు ఎక్కువైతే అటు నుంచి పారుతుంది. మాయ పైపొరలో ధమనితో ధమని కలిసే లంకె చేసే పని ఇదే. అది గట్టిగా ఉన్నంతకాలం కింది తేడాలు సర్దుకుపోతాయి. అది లేకపోయినా, చాలకపోయినా ఒక ట్యాంకు ఖాళీ అవుతూ, ఇంకోటి పొర్లుతూ ఉంటుంది. ఉమ్మడి మాయ గర్భాల్లో నూటికి 10 నుంచి 15 వరకు ఇలా అవుతాయి.

ఇచ్చే బిడ్డలో రక్తం తగ్గుతుంది, మూత్రపిండాలు మూత్రాన్ని బిగబడతాయి. నాలుగైదు నెలలు దాటాక ఉమ్మనీరంటే చాలావరకు బిడ్డ మూత్రమే కాబట్టి ఆ సంచి ఎండిపోతుంది. పొర వచ్చి బిడ్డ ఒంటికి చుట్టుకుంటుంది, బిడ్డ గర్భాశయం గోడకు అతుక్కుని కదల్లేక ఉండిపోతుంది. పుచ్చుకునే బిడ్డ గుండె మోయలేనంత రక్తాన్ని తోస్తూ, ఆగకుండా మూత్రం పోస్తూ ఉంటుంది. స్కానింగ్‌లో ఒక బిడ్డ మూత్రాశయం వెతికినా కనపడదు, ఇంకో బిడ్డది బంతిలా ఉబ్బి కనిపిస్తుంది.

ఇక్కడితో ట్యాంకుల పోలిక పనికిరాదు. రక్తం చాలని బిడ్డ మూత్రపిండాలు ఊరుకోవు, రక్తనాళాల్ని బిగించడానికి రెనిన్ అనే రసాయనాన్ని కుమ్మరిస్తాయి. అది పుట్టించే హార్మోన్లు అవే లంకెల గుండా రెండో బిడ్డలోకి వెళ్తాయి. ఆ బిడ్డ మూత్రపిండాలు తమ రెనిన్‌ను ఎప్పుడో ఆపేశాయి, అయినా రక్తపోటు పెరిగిపోతుంది. దాహం ఒకరిది, బీపీ ఇంకొకరిది!

దీనికి లేజర్ వైద్యం ఉంది. అమెరికాలో జూలియన్ డి లియా 1980ల చివర్లో గర్భంలోకి సన్నటి గొట్టం దించి ఈ లంకెల్ని కాల్చడం మొదలుపెట్టారు. అసలు కలయిక మాయ లోతుల్లో ఉంటుంది, చూడలేం. కానీ ధమనీ సిరా జంటగా పైపొర మీద పాకుతుంటాయి. తోడు సిర లేకుండా ఒంటరిగా ధమని ఒక చోట మునిగి, అక్కడే అవతలి బిడ్డ సిర తేలితే, సర్జన్ ఆ చోటు పట్టుకుంటారు. అదనపు ఉమ్మనీటిని సూదితో తోడేయడం కంటే ఇదే మేలని 2004లో వెలువడిన యూరప్ పరీక్ష తేల్చింది. అయితే వెంట్రుకవాసి నాళాలు మిగిలిపోతే ఎర్రకణాలు నెమ్మదిగా కారి ఒకరు పాలిపోతారు, ఇంకొకరి రక్తం చిక్కబడుతుంది. అందుకే ఇప్పుడు కాల్చిన చుక్కలన్నిటినీ కలుపుతూ మాయ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా లేజర్‌తో గీత గీస్తున్నారు. బిడ్డను రెండుగా పంచమన్న సొలొమోను రాజు పేరు పెట్టారు ఈ పద్ధతికి.

ఇదంతా వేళకు పట్టుబడాలంటే 11 నుంచి 14 వారాల మధ్య స్కానింగ్‌లో మాయలెన్నో తేలాలి. రెండు సంచుల మధ్య పొర మాయను తాకే చోట త్రికోణంలా మందంగా ఉంటే మాయలు రెండు. ఇంగ్లీషు టి అక్షరంలా సన్నగా నిలబడితే ఒకటే. ఒకటే అయితే పదహారో వారం నుంచి రెండు వారాలకోసారి స్కానింగ్ తప్పదు. "పోలికలు ఒకటేనా?" అని తర్వాత తీరిగ్గా అడగొచ్చు, ముందు మాయలెన్నో అడగండి.

కవలలకు టెలిపతీ ఉంటుందంటారు, ఒకరికి దెబ్బ తగిలితే ఇంకొకరికి నొప్పి పుడుతుందంటారు. సరైన పరీక్షకు అది ఎన్నడూ నిలబడలేదు. నిజంగా ఒకరి ఒంట్లోని సంకేతం ఇంకొకరి ఒంట్లో పనిచేసింది గర్భంలోనే, అదీ ఉమ్మడి మాయ ఉన్నవాళ్లలోనే. బొడ్డుతాడు కోయగానే ఆ సంబంధం తెగిపోయింది.

ఉమ్మడి మాయలో వాటా కూడా సమానంగా రాదు. జన్యువులు ఒకటే అయినా ఒకరు రెండు కిలోలు, ఇంకొకరు కిలోన్నర ఉండొచ్చు. అప్పటి నుంచే ఇంట్లో "పెద్దది గట్టిది, చిన్నది నీరసం" అని పేర్లు పడిపోతాయి. ఆ పేర్లు బరువు సరిపోయాక కూడా వదలవు, అదే నాకు కోపం. నెలలు నిండకుండా పుడితే వయసును కాన్పు తేదీ నుంచి కాకుండా అసలు రావలసిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. ఐదు వారాలు ముందు పుట్టిన బిడ్డకు ఆరో నెలలో ఐదు నెలల పనులు కూడా రాకపోతే కంగారు పడక్కర్లేదు.

మాటల సంగతి వేరు. ఒంటరిగా పుట్టిన పిల్లలతో పోలిస్తే కవలలు మూడేళ్లప్పుడు సగటున మూడు నెలలు వెనకబడ్డారని బ్రిటన్‌లో ఒక అధ్యయనం చూపింది. కారణం కాన్పు కష్టాలు కావు, ఒక్కో బిడ్డతో విడిగా మాట్లాడే సమయం చాలకపోవడం. స్నానం చేయించేటప్పుడు "రండర్రా" అని ఇద్దర్నీ కలిపి కేకేయకుండా, చేతిలో ఉన్న బిడ్డతోనే, పేరు పెట్టి పిలిచి, బదులు కోసం ఆగి మాట్లాడితే అదే మందు. బడిలో ఒకే సెక్షనా, వేర్వేరా అన్నదానికి చదువుల్లో పెద్ద తేడా కనపడలేదు, పిల్లల ఇష్టానికి వదిలేయండి.

పెద్దయ్యేకొద్దీ పెంపకం ప్రభావం పెరిగి జన్యువుల ప్రభావం తగ్గుతుందనుకుంటాం. తెలివితేటల పరీక్షల్లో తేలింది తలకిందులు. నాలుగు దేశాల్లో 11,000 కవల జంటల్ని చూస్తే, పిల్లల మధ్య తేడాల్లో జన్యువుల వాటా తొమ్మిదేళ్లకు 41 శాతం, పన్నెండేళ్లకు 55, పదిహేడేళ్లకు 66. ఎవరి మొగ్గును బట్టి వాళ్లు స్నేహితుల్ని, పుస్తకాల్ని, వ్యాపకాల్ని ఎంచుకునే వీలు వయసుతో పెరగడమే దీనికి కారణం కావచ్చంటారు.

ఒకే అండమా కాదా అన్నది పెద్దయ్యాక ప్రాణం మీదికి వచ్చినప్పుడూ పనికొస్తుంది. 1954 డిసెంబరులో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం ఒక కవల సోదరుడి మూత్రపిండాన్ని ఇంకొకరికి అమర్చింది. మార్పిడి అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా ఆపే మందులు అప్పటికి లేవు. అందుకే ముందుగా ఒకరి చర్మం ముక్క ఇంకొకరికి అతికించి చూశారు. అది ఊడిపోకుండా నిలిచాకే కత్తి పట్టారు. పుచ్చుకున్నాయన ఆ మూత్రపిండంతో ఇంకో ఎనిమిదేళ్లు బతికాడు.