కొత్త ప్లాట్‌ఫార్మర్ కొనాలా, వద్దా: అపోహలు - వాస్తవాలు

పరుగెత్తడం, గెంతడం, ఒక అంచు నుంచి మరో అంచుకు దూకడం ప్రధానంగా సాగే వీడియో గేమ్‌లను ప్లాట్‌ఫార్మర్లు అంటారు. హైదరాబాదులో ఇలాంటి గేమ్‌లను విడుదలకు ముందు పరీక్షించే ఉద్యోగం నాది కనుక, కొత్తది ఏది వచ్చినా "ఇది కొనవచ్చా?" అని చుట్టాల పిల్లలు మొదలుకొని వాళ్ల తండ్రుల దాకా అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్నతో పాటు వాళ్లు మోసుకొచ్చే నమ్మకాలలో చాలావరకు డబ్బు వృథా చేయించేవే.

అపోహ: ట్రైలర్‌లో బొమ్మలు అందంగా ఉంటే గేమ్ బాగున్నట్టే.

వాస్తవం: ప్లాట్‌ఫార్మర్ బాగోగులు తెలిసేది కంటికి కాదు, బొటనవేలికి. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌లో బటన్ తాకి వదిలేస్తే మారియో కొద్దిగా గెంతుతాడు, నొక్కి పట్టుకుంటే పైకి లేస్తాడు, గాలిలో ఉండగా కూడా కొంతవరకు దిశ మార్చుకుంటాడు. ఇన్నేళ్ల తరువాత కూడా కొత్త గేమ్ చేతికి రాగానే నేను ముందు చూసేది దీన్నే. 2018 నాటి సెలెస్ట్‌లో మరో సూక్ష్మం ఉంది: పాత్ర అంచు దాటి గాలిలోకి అడుగు వేసిన తరువాత కూడా క్షణకాలం దూకడానికి వీలుంటుంది. ఆ గేమ్ రూపకర్తలు అందరికీ అందుబాటులో ఉంచిన కోడ్ ప్రకారం ఆ గడువు 0.1 సెకను, అంటే తెర మీద సెకనుకు 60 ఫ్రేములు (చిత్రాలు) మారే లెక్కన 6 ఫ్రేములు. ఆటగాడికి ఈ సదుపాయం ఉన్నట్టే తెలియదు; సరిగ్గా నొక్కినా పడిపోయానన్న చిరాకు మాత్రం అతనికి రాదు. ఇలాంటి వెసులుబాటు ఇవ్వని గేమ్‌కు వెనుక ఎంత చక్కని కొండలూ మబ్బులూ గీసినా నాలుగు లెవెల్స్ దాటేసరికి చెయ్యి మొరాయిస్తుంది. అందువల్ల డెమో (కొనే ముందు ఆడి చూడటానికి ఇచ్చే చిన్న భాగం) దొరికితే శత్రువుల జోలికి పోకుండా ఒక చిన్న మెట్టు మీదికీ కిందికీ ఇరవై సార్లు దూకి చూడండి. ఆ ఇరవై గెంతులు విసుగు పుట్టించకపోతే మిగతా గేమ్‌కు అవకాశం ఇవ్వవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బటన్ నొక్కాక పాత్ర ఆలస్యంగా కదిలితే తప్పు గేమ్‌దేనని వెంటనే తేల్చేయకూడదు, ఎందుకంటే టీవీ తన బొమ్మకు మెరుగులు దిద్దుకోవడానికి తీసుకునే సమయం కూడా ఆ ఆలస్యంలో కలుస్తుంది. నేనే ఒకసారి ఇంట్లో ఆడి నాలుగు పేజీల ఫిర్యాదు రాసి పంపాను. తీరా చూస్తే మా టీవీలో ఆ మెరుగులను తగ్గించి ఆలస్యం లేకుండా చూసే గేమ్ మోడ్ ఆన్ చేసి లేదు.

అపోహ: ఎక్కువ గంటలు నడిస్తేనే పెట్టిన డబ్బుకు న్యాయం.

వాస్తవం: ఆస్ట్రేలియాకు చెందిన టీమ్ చెర్రీ అనే చిన్న బృందం 2017లో హాలో నైట్‌ను 15 డాలర్లకు విడుదల చేసింది. అందులో పదుల గంటల ఆట ఉన్న మాట నిజమే, కానీ దాన్ని చూసి ప్రతి గేమ్‌నూ గంటల లెక్కన తూచడం మొదలుపెడితే, అవే గదులలో అవే నాణేలు మళ్లీ మళ్లీ ఏరించి కాలం గడిపే గేమ్ కూడా లాభసాటిగానే కనిపిస్తుంది. ప్రతి లెవెల్‌లోనూ ఒక కొత్త ఆలోచన ఉన్న ఎనిమిది గంటల గేమ్‌కే నా ఓటు.

అపోహ: పేరున్న రూపకర్త చేసినది కళ్లు మూసుకుని కొనవచ్చు.

వాస్తవం: 1991లో వచ్చిన తొలి సోనిక్ గేమ్ ప్రోగ్రామర్ యూజీ నాకా దర్శకత్వం వహించిన బాలన్ వండర్‌వరల్డ్ 2021 మార్చిలో విడుదలై విమర్శకుల చేత పెదవి విరిపించింది. దాని డెమో జనవరిలోనే ఉచితంగా వచ్చింది కనుక, పేరు చూసి కాక ఆడి చూసి నిర్ణయించుకునే వీలు అందరికీ ఉండింది.

అపోహ: ముందుగా బుక్ చేసుకోకపోతే నష్టపోతాం.

వాస్తవం: డౌన్‌లోడ్ చేసుకునే గేమ్‌కు స్టాక్ అయిపోవడం అంటూ ఉండదు. ముందు చూసుకోవలసింది రిఫండ్ నియమాలను. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు తిరిగి అడగవచ్చు. ప్లాట్‌ఫార్మర్ గుణం తెలియడానికి ఆ రెండు గంటలు ధారాళంగా సరిపోతాయి. ప్లేస్టేషన్ స్టోర్‌లో మాత్రం 14 రోజుల గడువు ఉన్నా, డౌన్‌లోడ్ మొదలుపెడితే ఆ హక్కు పోతుంది కాబట్టి అక్కడ డెమో లేని గేమ్‌ను తొలిరోజే కొనమని నేను ఎవరికీ చెప్పను.

అపోహ: కష్టమైన గేమ్ అయినా సులభ మోడ్ ఉంటే చాలు, పిల్లలకు కొనివ్వవచ్చు.

వాస్తవం: ఆ మోడ్ ఏం చేస్తుందో గేమ్‌కు గేమ్‌కు మారుతుంది. సెలెస్ట్‌లోని అసిస్ట్ మోడ్‌లో ఆట వేగం తగ్గించుకోవచ్చు, దెబ్బ తగలకుండా చేసుకోవచ్చు, కథ చివరి దాకా వెళ్లవచ్చు. 2017 నాటి కప్‌హెడ్‌లో అలా కాదు: శత్రువులను సింపుల్ మోడ్‌లో ఓడిస్తే వాళ్ల ఒప్పంద పత్రాలు చేతికి రావు, అవి లేనిదే చివరి పోరాటాలకు దారి తెరుచుకోదు. మా మేనల్లుడికి ఈ సంగతి దాదాపు అందరినీ సింపుల్‌లో ఓడించిన తరువాత తెలిసింది. వాడి వేసవి సెలవులలో మిగిలిన రోజులన్నీ వాళ్లనే మళ్లీ ఓడించడంతో గడిచిపోయాయి.