మెటలర్జీ వాళ్ళకి చిప్ కంపెనీలో ఏం పని? కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: సెమీకండక్టర్ ఉద్యోగం అంటే వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్). మెటలర్జీ వాళ్ళయినా ఆ కోర్సు చేయాల్సిందే.

"అన్నా, నాది మెటలర్జీ. అమీర్‌పేటలో వీఎల్‌ఎస్‌ఐలో చేరమంటావా?" జూనియర్ల నుంచి ఎప్పుడూ ఇదే మెసేజ్. కొందరైతే అప్పటికే అప్పు చేసి ఫీజు కట్టేసి అడుగుతారు. వాళ్ళని ఏమనగలం? ఇంట్లో ఉద్యోగం ఎప్పుడని అడుగుతుంటే ఎవరికైనా టెన్షనే. కోపమంతా "ప్లేస్‌మెంట్ గ్యారంటీ" అని ఊదరగొట్టేవాళ్ళ మీదే.

వీఎల్‌ఎస్‌ఐ మంచి రంగమే, కాదనను. కానీ అది చిప్‌ను డిజైన్ చేసే పని. ఆ డిజైన్‌ను 300 మిల్లీమీటర్ల వేఫర్ (పల్చటి గుండ్రటి సిలికాన్ బిళ్ళ) మీద తయారు చేసేది ఫ్యాబ్, అంటే చిప్ ఫ్యాక్టరీ. అక్కడ డిపాజిషన్ (పల్చటి పొరలు వేయడం), ఎచ్ (అక్కర్లేని చోట పొర తొలగించడం), సీఎంపీ (రసాయనాలతో అరగదీసి చదును చేయడం), ఫెయిల్యూర్ అనాలిసిస్ (లోపం ఎందుకొచ్చిందో వెతకడం) లాంటి విభాగాల్లో ఎక్కువగా కనిపించేది మెటీరియల్స్, కెమికల్, ఫిజిక్స్ వాళ్ళే. చిప్ డిజైన్‌కి వాడే వెరిలాగ్ భాష ఊసే ఉండదు.

నేను సింగపూర్‌లో ఒక ఫ్యాబ్‌లో థిన్ ఫిల్మ్స్ (పల్చటి పొరల) ప్రాసెస్ ఇంజనీర్‌ని. ఇంటర్వ్యూలో సర్క్యూట్ల గురించి ఒక్క ప్రశ్నా రాలేదు. అడిగిందల్లా "రాగి కింద టాంటలం పొర ఎందుకు?" అని. రాగి డిఫ్యూజ్ అయి సిలికాన్‌లోకి వెళ్తే ట్రాన్సిస్టర్ పాడవుతుంది, అందుకే ఆ అడ్డుగోడ. అక్కణ్ణుంచి ఫిక్ నియమాలు (డిఫ్యూజన్ లెక్కలు), గ్రెయిన్ బౌండరీలు (లోహంలో స్ఫటికాల మధ్య సరిహద్దులు), ఎలక్ట్రోమైగ్రేషన్ (కరెంటు తోపుకి లోహం అణువులు జరగడం). అంతా బీటెక్‌లో చదివిందే! 1997లో ఐబీఎం అల్యూమినియం తీగల బదులు రాగి వాడతామని ప్రకటించినప్పుడు కూడా చిక్కు మెటీరియల్‌తోనే వచ్చింది. రాగిని మామూలు ప్లాస్మాతో ఎచ్ చేయడం కుదరదు, దాని క్లోరైడ్లు తేలిగ్గా ఆవిరి కావు. అందుకే ముందు గాడి తవ్వి, ఎలక్ట్రోప్లేటింగ్‌తో రాగి నింపి, పైన మిగిలినదాన్ని సీఎంపీతో అరగదీస్తారు.

ఈ మధ్య మా దగ్గర ఒక లాట్‌లో (వేఫర్ల బ్యాచ్‌లో) వయా, అంటే పై తీగనీ కింది తీగనీ కలిపే నిలువు రాగి దారి, రెసిస్టెన్స్ పెరిగింది. కోసి సెమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో) చూస్తే వయా అడుగున చిన్న నల్లటి ఖాళీ. స్పట్టరింగ్ టార్గెట్ (పొర వేయడానికి లోహం అందించే దిమ్మ) అరిగిపోయే దశకు వచ్చింది, సీడ్ లేయర్ (ప్లేటింగ్‌కి ముందు వేసే పల్చటి రాగి పొర) అడుగుదాకా సరిగ్గా పడలేదు, దాంతో ప్లేటింగ్ నిండలేదు. ఇది పట్టుకోవడానికి ఏ వీఎల్‌ఎస్‌ఐ కోర్సు పనికొస్తుంది చెప్పండి?

మిగతా అపోహల సంగతి గబగబా చెప్పేస్తా. "3 నానోమీటర్" అనేది చిప్ టెక్నాలజీ తరం పేరు, నిజమైన కొలత కాదు. చిప్‌లో గేట్‌కీ గేట్‌కీ మధ్య దూరం ఇప్పటికీ పదుల నానోమీటర్లే. ఫ్యాబ్‌లో వేసుకునే, ఒళ్ళంతా కప్పే ఆ తెల్ల సూట్ మనల్ని కాపాడటానికి కాదు, మన చర్మం రాల్చే పొట్టు నుంచి వేఫర్‌ని కాపాడటానికి. మా అమ్మకి ఇది చెప్పాక కొంచెం నిద్రపట్టింది. ప్రమాదకరమైన రసాయనాలు లేవని కాదు. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, సైలేన్ రెండూ వాడతాం. కాకపోతే అవి మూసి ఉన్న లైన్లలో, డిటెక్టర్ల నిఘాలో ఉంటాయి.

మన దేశంలో అవకాశాలా? గుజరాత్‌లోని ధోలేరాలో టాటా వాళ్ళు ఫ్యాబ్ కడుతున్నారు. గుజరాత్‌లోని సాణంద్, అస్సాంలోని జాగీరోడ్‌లవి ప్యాకేజింగ్ (తయారైన చిప్‌ని కవచంలో పెట్టి కనెక్షన్లు ఇచ్చే) యూనిట్లు. ప్యాకేజింగ్ అంటే సోల్డర్, వైర్ బాండ్ (సన్నటి తీగల కనెక్షన్), ఇంటర్‌మెటాలిక్స్ (లోహాలు కలిసి ఏర్పడే సమ్మేళనాలు), అంటే మళ్ళీ మన సబ్జెక్టే.

కోర్సుకి పెట్టే నెలల్లో కాలేజీ ల్యాబ్‌లో సెమ్, ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేతో స్ఫటిక నిర్మాణం చూసే యంత్రం) మీద కూర్చోండి. ఎస్‌పీసీ చార్ట్ (ప్రాసెస్ అదుపులో ఉందో లేదో చూపే గ్రాఫ్) చదవడం, డీఓఈ (ప్రయోగాల ప్లాన్) వేయడం నేర్చుకోండి. రెజ్యూమెలో "సెమ్ తెలుసు" అని రాస్తే మాత్రం జాగ్రత్త, ఇంటర్వ్యూలో ఒక ఫొటో ముందు పెట్టి ఏం కనిపిస్తోందో చెప్పమంటారు.