మబ్బు లేని చోట కుదుపు

1966 మార్చి 5. టోక్యో నుంచి హాంకాంగ్ బయల్దేరిన బోయింగ్ 707 ఫ్యూజీ కొండ దగ్గరగా వెళ్తోంది. ఆకాశంలో కొండ చక్కగా కనిపిస్తోంది. సుమారు 4,900 మీటర్ల ఎత్తులో విమానం గాల్లోనే ముక్కలైంది. ఉన్న 124 మందీ చనిపోయారు. శకలాల్లో ఓ ప్రయాణికుడి సినిమా కెమెరా దొరికింది. రీల్లో కొండలు, సరస్సు, ఆ తర్వాత రెండు ఫ్రేములు మాయం. గాలించడానికి వెళ్లిన అమెరికా నేవీ విమానం కూడా అక్కడ ఘోరంగా కుదుపులు తింది.

కాలవలో బండరాయి మీంచి పారే నీళ్లని చూడండి. రాయి దాటాక నీళ్లు లేచి, దిగి, అక్కడే నిలబడ్డట్టు అలలు కడతాయి. ఆ రోజు బలంగా వీస్తున్న గాలికి 3,776 మీటర్ల ఫ్యూజీ అలాంటి బండరాయే. అల మరీ నిటారుగా లేస్తే, ఒడ్డున కెరటంలాగే విరిగిపడి, అందులో చిక్కిన విమానాన్ని కుదిపేస్తుంది.

కొండ లేకపోయినా అలలు విరుగుతాయి. దాదాపు 10 కిలోమీటర్ల ఎత్తులో, పడమటి నుంచి తూర్పుకి, ఒక్కోసారి గంటకి 200 కిలోమీటర్లు దాటే వేగంతో పారే గాలి ప్రవాహమే జెట్ స్ట్రీమ్. దాని నడిబొడ్డు కన్నా అంచులే చికాకు. అక్కడ కొద్ది ఎత్తులోనే గాలి వేగం బాగా మారిపోతుంది. బరువైన గాలి కింద, తేలికైనది పైన ఉన్నంతవరకూ పొరలు కుదురుగానే ఉంటాయి. వేగాల తేడా ఆ కుదురుని మించిపోతే మాత్రం పొరల మధ్య హద్దు మడతలు పడి, సుళ్లు తిరుగుతుంది. ఈ పోటీని కొలిచేది రిచర్డ్‌సన్ సంఖ్య. అది పావు కన్నా తగ్గితే అలలు విరిగే అవకాశం ఉన్నట్టే.

విమానం రాడార్ వాన చినుకుల్ని పట్టుకుంటుంది. పొడిగాలిలో చినుకులేవీ? అందుకే పైలట్లు ముందే ఇచ్చిన అంచనాల మీద, ముందు వెళ్లిన విమానం చెప్పే కబురు మీద ఆధారపడతారు.

తమాషా ఏమిటంటే, ఈ జెట్ స్ట్రీమ్‌ని మొదట్లోనే కొలిచినవాడు జపాన్ వాడే. 1920ల్లో వాసాబురో ఓయిషి బెలూన్లు వదిలి లెక్కలు కట్టాడు. లోకమంతా చదువుతుందని అన్ని దేశాలవాళ్లకీ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన ఎస్పెరాంటో భాషలో అచ్చు వేశాడు. పాపం, ఎవరూ పెద్దగా చదవలేదు!

ఇంగ్లండ్‌లోని రీడింగ్ యూనివర్సిటీ 2023లో వేసిన లెక్క ప్రకారం, ఉత్తర అట్లాంటిక్ మీద ఒక సగటు చోట తీవ్రమైన కుదుపులు 1979లో ఏడాదికి 17.7 గంటలు. 2020కి అవి 27.4 గంటలయ్యాయి. భూమి వేడెక్కేకొద్దీ జెట్ స్ట్రీమ్ దగ్గర వేగాల తేడా పెరుగుతోంది. అమెరికాలో పిల్లల దగ్గరికి యూరప్ మీదుగా వెళ్లే మన అమ్మానాన్నలు దాటేది ఆ సముద్రాన్నే.